స్టార్ ట్రెక్ "ది ఇన్నర్ లైట్": పికార్డ్ అనుమతి ఎవరడిగారు? (కథ బయటపెట్టాం)

శూన్యయాత్రి
స్టార్ ట్రెక్‌లో "నెక్స్ట్ జనరేషన్" అనే పాత టీవీ సిరీస్ మొదటి నుంచి వరుసగా చూస్తున్నాను. ఐదో సీజన్ 25వ ఎపిసోడ్ "ది ఇన్నర్ లైట్" నిన్న రాత్రి అయింది. ఈ సిరీస్‌లో దీన్ని మించింది లేదని ఎవర్ని అడిగినా చెప్తారు. నటనకు వంక పెట్టను. కానీ నాకు కోపం వచ్చింది, అది ఇంకా తగ్గలేదు.

చూడనివాళ్ళు ఇక్కడ ఆగిపోండి, కథంతా చెప్పేస్తున్నాను. ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష ఓడకి దారిలో ఎప్పటిదో ఒక ప్రోబ్ (మనుషుల్లేని చిన్న నౌక) ఎదురవుతుంది. అది సూటిగా ఓడ కెప్టెన్ పికార్డ్ మీదికి ఒక కిరణం వదులుతుంది. ఆయన బ్రిడ్జి (ఓడ నడిపే గది) మీదే కుప్పకూలతాడు. కళ్ళు తెరిస్తే కటాన్ అనే గ్రహం, రెసిక్ అనే ఊరు. "నువ్వు కామిన్‌వి, జ్వరంతో పడిపోయావు, నేను నీ భార్యను" అంటుంది ఎలీన్. అక్కడే వేణువు నేర్చుకుని, ముసలివాడయ్యేదాకా బతుకుతాడు. ఇద్దరు పిల్లలు, ఒక మనవడు. ఇక్కడ ఓడలో గడిచింది మాత్రం దాదాపు 25 నిమిషాలు. కరువు ముదిరి, చివరికి దాని సూర్యుడు నోవాగా పేలి ఆ గ్రహం వెయ్యేళ్ల కిందటే మాడిపోయింది. తమ జ్ఞాపకం ఎవరో ఒకరిలో మిగలాలని వాళ్ళే ఆ ప్రోబ్ పంపారు.

ఆయన్ని ఒక్క మాట అడిగారా? రెండేళ్ల ముందే బోర్గ్ అనే సగం యంత్రాల జాతి ఆయన్ని ఎత్తుకెళ్ళి, మనసు లాక్కుని లోక్యూటస్ అనే తమవాడిగా మార్చింది. దాన్ని ఘోరం అన్నాం. ఇప్పుడు ఇంకొకరు అడగకుండా అదే మనసులోకి దూరితే కళ్ళు తుడుచుకుంటున్నాం. తేడా ఏమిటో ఎవరైనా చెప్పండి.

పాతటేపులు
తేడా చాలా ఉంది. బోర్గ్ పికార్డ్‌ని చెరిపేసింది. ప్రోబ్ చెరపలేదు. కటాన్‌లో ఐదేళ్లయినా ఆయన "నేను పికార్డ్‌నే" అని మనసులో అనుకుంటూనే ఉంటాడు. నక్షత్రాల పటాలు గీసుకుంటాడు, ఊరి చుట్టుపక్కలంతా తిరిగి లెక్కలు వేసుకుంటాడు. ఎవరూ ఆపరు. ఎలీన్ బాధపడుతుంది, అంతే. తర్వాత ఒకరోజు పిల్లల గది కడతానని ఆయనే వెళ్ళి ఆమెను అడుగుతాడు. ఆ అడగడం ఆయన ఇష్టంతో జరిగింది.

శూన్యయాత్రి
@పాతటేపులు బయటికి దారి లేని ఇంట్లో పెట్టి తాళం వేసి, ఐదేళ్ల తర్వాత "ఉంటాను" అన్నాడు కాబట్టి ఇష్టపడే ఉన్నాడంటే ఎలాగండీ?

కోనసీమ_కుర్రాడు
శూన్యయాత్రి అన్న పాయింట్‌కి సమాధానం కష్టమే. నేనైతే ఇప్పటిదాకా అలా ఆలోచించలేదు.

మోడరేటర్
శీర్షికలో "కథ బయటపెట్టాం" అని చేర్చాను. ఆరో సీజన్ సంగతులు రాసేవాళ్ళు ముందే హెచ్చరించండి. అడిగినాయన ఇంకా అక్కడికి రాలేదు.

భౌతికం_మాస్టారు
అనుమతి సంగతి మీరు తేల్చుకోండి. నాకు అసలు బాధ సైన్సు దగ్గర. మామూలు సూర్యుడు ఉన్నట్టుండి నోవా కాదు. నోవా రావాలంటే తెల్ల మరుగుజ్జు తార (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన తార) ఒకటి పక్కనున్న జంట తార నుంచి పదార్థం లాక్కుంటూ ఉండాలి. ఒంటరి తార సూపర్నోవాగా పేలి చావాలంటే దానికి మన సూర్యుడికి ఎనిమిది రెట్ల పైన ద్రవ్యరాశి ఉండాలి. అంత పెద్ద తార కొన్ని కోట్ల ఏళ్లకే అయిపోతుంది, దాని చుట్టూ జీవం పుట్టి, ఊళ్ళు వెలిసి, మనుషులు వేణువు ఊదేదాకా టైమ్ ఉండదు. మన సూర్యుడు వేడెక్కడం నిజమే కానీ 100 కోట్ల ఏళ్లకు సుమారు 10 శాతం. ఒక మనిషి జీవితకాలంలో పంటలు ఎండిపోయేంత మార్పు అలా రాదు.

ఇంకోటి. ఆ ఊరి అధికారే చెప్తాడు, తమ దగ్గర చిన్న రాకెట్లు ఎగరేసే సాంకేతికతే ఉందని. అలాంటివాళ్ళు ఒక జీవితం మొత్తాన్ని మనిషి మెదడులోకి ఎక్కించే యంత్రం ఎలా చేశారు? ఎంటర్‌ప్రైజ్ కవచాలు కూడా ఆపలేని కిరణం ఎక్కడిది?

పాతటేపులు
మాస్టారు గారూ, రెండోది ఎపిసోడ్ వచ్చిననాటి నుంచీ అడుగుతున్న ప్రశ్నే. రాకెట్లలో వెనకబడి మెదడు విద్యలో ముందున్నారని సర్దుకోవడం తప్ప దారి లేదు. కథలో ఆ ముక్క ఎక్కడా చెప్పరు. అది లోపమే, ఒప్పుకోవాలి.

సీమబిడ్డ
మాస్టారు గారు చెప్పిన సైన్సు కరెక్టే కావచ్చు సార్. కానీ అందులో చూపించిన కరువు మాత్రం వంద శాతం కరెక్టు. మాది అనంతపురం జిల్లా. సాధారణ వర్షపాతమే 550 మిల్లీమీటర్ల దగ్గర, అదీ వచ్చిన ఏడాది పండగే.

ఒక సీన్ చెప్తాను. కూతురు మెరిబోర్ పెద్దదై సైంటిస్టు అవుతుంది. మట్టి నమూనాలు తీసి పరీక్ష చేసి తండ్రి దగ్గరికి వస్తుంది. మట్టిలో ఉండాల్సిన సూక్ష్మజీవులు లేవు, మట్టి చచ్చిపోయింది, ఇది పోయే కరువు కాదు అంటుంది. అప్పుడు తండ్రి మొహం చూడండి. ఆయనకు ఆ సంగతి ముందే తెలుసు. బిడ్డకు చెప్పలేక ఊరుకున్నాడు. బిడ్డేమో ఆయనకు చెప్పలేక ఇన్నాళ్లు దాచింది. మా ఇంట్లో కొత్తగా వేసిన బోరు ఫెయిలైన రోజు మా నాన్న, అన్న ఇద్దరూ ఇట్లే ఉన్నారు. ఇద్దరికీ తెలుసు, ఒకరి ముందు ఒకరు బయటపడలేదు. రిగ్గు లారీ వెళ్ళిపోయాక కూడా నాన్న పైపు పక్కనున్న రాతిపొడి చేత్తో తీసి నలిపి నలిపి చూస్తానే ఉన్నాడు, ఎక్కడన్నా తడి తగులుతుందేమోనని.

ఆ రాసినాయన ఎవరో గానీ పొలం పోయిన ఇల్లు చూసి ఉంటాడు.

కోనసీమ_కుర్రాడు
సీమబిడ్డ అన్నా, చదువుతుంటే గొంతు పట్టేసింది.

పాతటేపులు
కథ మోర్గన్ గెండెల్‌ది. స్క్రీన్‌ప్లే ఆయనా పీటర్ అలన్ ఫీల్డ్స్ కలిసి రాశారు. డైరెక్టర్ పీటర్ లారిట్సన్. 1992 జూన్‌లో వచ్చింది. మరుసటి ఏడాది సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు ఇచ్చారు. 1968లో పాత స్టార్ ట్రెక్ ఎపిసోడ్‌కి ఇచ్చాక మళ్ళీ ఒక టీవీ సిరీస్ ఎపిసోడ్‌కి ఆ హ్యూగో రావడం ఇదే. కొడుకు బటాయ్‌గా వేసిన కుర్రాడు పాట్రిక్ స్టూవర్ట్ సొంత కొడుకు డేనియల్.

లక్ష్మీపి
అయ్యో, నిజంగా కొడుకేనా! అందుకేనా వేణువు దగ్గర ఆ ఇద్దరి మధ్య అంత చనువు.

రాత్రిడ్యూటీ
నేను ఐసీయూ నర్సుని. శూన్యయాత్రి గారి కోపం నాకు బాగా అర్థమైంది. కానీ మీరు చూస్తున్న చోటు వేరు, నాకు నొప్పి కలిగిన చోటు వేరు.

చాలా రోజులు వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో కొందరికి డెలీరియం (మతి తప్పి, లేనివి ఉన్నట్టు అనిపించడం) వస్తుంది. లేచాక ఎక్కడో ఉండి వచ్చామంటారు. ఒక పెద్దాయన నెలల తరబడి రైల్వే స్టేషన్‌లో ఉన్నానన్నాడు. అక్కడ తనకు టీ ఇచ్చే మనిషి ఉండేవాడట. ఆ మనిషి ఏమయ్యాడని రోజూ అడిగేవాడు. ఇంట్లోవాళ్ళు "అదంతా భ్రమ, మర్చిపో" అని నవ్వేసేవాళ్ళు. ఆయన అడగడం మానేశాడు, మాట్లాడటం కూడా తగ్గించాడు.

అందుకే నాకు ఆఖరి ఐదు నిమిషాలే ముఖ్యం. పికార్డ్ బ్రిడ్జి మీద లేచి చుట్టూ ఉన్న మనుషుల్ని గుర్తుపట్టడానికి తడుముకుంటాడు. 25 నిమిషాలే అయిందని చెప్తే ఆయన మొహంలో వచ్చే ఖాళీతనం నేను బెడ్ల పక్కన చూశాను. ఎలీన్‌కి ఆయన ఏడవాలంటే ఎవరి దగ్గర ఏడవాలి? ఆమె వెయ్యేళ్ల కిందట చనిపోయింది, ఆయనకేమో మొన్ననే. అనుమతి అడగకపోవడం తప్పా కాదా అన్నది పక్కన పెడితే, లేచాక ఆయన్ని ఎవరు చూసుకోవాలో ఆలోచించకపోవడం ఇంకా పెద్ద తప్పు.

శూన్యయాత్రి
@రాత్రిడ్యూటీ నేను చెప్పలేకపోయింది మీరు చెప్పారు. కటాన్ వాళ్ళు పోయారు, వాళ్ళని అడగలేం. ఓడలో ఉన్నవాళ్ళు ఏం చేశారు? పికార్డ్ కింది అధికారి రైకర్, ప్రోబ్‌లో దొరికిన వేణువున్న పెట్టె ఇచ్చి వెళ్ళిపోయాడు.

డాలస్_బాబాయ్
1992లో ఇక్కడ చదువుకుంటూ టీవీలో వచ్చినప్పుడే చూశాను. రూమ్మేట్లమంతా పాత టీవీ ముందు కూర్చుని చూసేవాళ్ళం. అయిపోయాక ఎవ్వరూ లేవలేదు. తర్వాతి ఎపిసోడ్‌లో ఏం వస్తుందా అని కాచుకుని ఉంటే, శాన్‌ఫ్రాన్సిస్కోలో తవ్వకాల్లో ఓడలోని యంత్రమనిషి డేటా తలకాయ దొరికిందని ఇంకో కథ మొదలైంది! పికార్డ్ మామూలుగా నడుచుకుంటూ వచ్చాడు. ఆ వారం నాకొచ్చిన కోపం, బాబూ శూన్యయాత్రీ, నీ కోపానికేమీ తీసిపోదు. అప్పట్లో సిరీస్‌లు అంతే, ఏ వారం కథ ఆ వారమే. ఏ ఎపిసోడ్ ముందు చూసినా అర్థం కావాలి కాబట్టి ఎంత పెద్ద దెబ్బ తగిలినా వారం తిరిగేసరికి మాసిపోవాల్సిందే.

వేణువు88
ఆ పెట్టె ఇచ్చే సీన్‌ని తక్కువ చేయకండి. నేను కర్ణాటక పద్ధతిలో వేణువు నేర్చుకుంటున్నాను, నా కళ్ళు పికార్డ్ వేళ్ళ మీదే ఉన్నాయి. కటాన్‌లో మొదట ఊదినప్పుడు స్వరం పలకదు, గాలి పోతుంది. ఎలీన్ ముందు ఊదుతూ ఊదుతూ ఏళ్ల మీద నేర్చుకుంటాడు. ఓడలో ఉన్న పికార్డ్ ఒళ్ళు మాత్రం ఎప్పుడూ వేణువు పట్టుకున్నది కాదు. ఆ పెట్టె తెరిచి చేతిలోకి తీసుకోగానే వేళ్ళు వెతుక్కోకుండా రంధ్రాల మీద కూర్చుంటాయి. ఒక్క డైలాగ్ లేకుండా జీవితమంతా నిజమేనని చెప్పేశారు. వేలికి రంధ్రం దొరకడానికి నాకెంత కాలం పట్టిందో నాకు తెలుసు కాబట్టి ఆ ఒక్క షాట్‌కే నేను పడిపోయాను.

పాట జే చాటవే కట్టింది. చిన్న పిల్లలు కూడా పట్టుకోగలిగేంత తేలిక. నా వేణువు మీద వాయించి చూశాను, గమకాలు వేస్తే పాడైపోతుంది. తిన్నగా ఊదాలి.

పాతటేపులు
షూటింగ్‌లో వాడిన ఆ వేణువు పలకదు, బొమ్మ వస్తువే. అయినా 2006లో క్రిస్టీస్ వేలంలో 48,000 డాలర్లకు పోయింది.

కోనసీమ_కుర్రాడు
పలకని వేణువుకి అంత రేటా! వేణువు88 గారూ, మీది పలుకుతుంది, జాగ్రత్తగా దాచుకోండి.

లక్ష్మీపి
నాకు ఈ ఎపిసోడ్ చూస్తే మా అమ్మమ్మ గుర్తొస్తుంది. వాళ్ళ ఊరు శ్రీశైలం డ్యామ్ నీళ్ళలో పోయింది. ఎనభైల మొదట్లో ఖాళీ చేయించారు. ఆ ప్రాంతంలో సంగమేశ్వరం గుడి వేసవిలో నీళ్ళు తగ్గితే బయటపడుతుంది, జనం వెళ్ళి దండం పెట్టుకుంటారు. అమ్మమ్మ ఊరు అలా కూడా బయటపడదు.

ఆవిడ ఊరి చరిత్ర ఎప్పుడూ చెప్పలేదు. ఎవరింటి అరుగు మీద ఎవరు కూర్చునేవాళ్ళు, ఏ బావి నీళ్ళతో పప్పు బాగా ఉడికేది, ఎవరి గేదె ఎవరి చేలో పడితే ఎంత గొడవైందీ, ఇవే చెప్పేది. వింటూ వింటూ మాకూ ఆ వీధులు తెలిసిపోయాయి. మమ్మల్నీ ఎవరూ "ఇది మోస్తారా" అని అడగలేదండీ శూన్యయాత్రి గారూ. పుట్టాక చెవిలో పడింది, మోస్తున్నాం. మా చెల్లికి ఆ కథలంటే విసుగు, నాకు ప్రాణం. కానీ ఇద్దరికీ గుర్తున్నాయి.

శూన్యయాత్రి
@లక్ష్మీపి అమ్మమ్మ చెప్తుంటే మీరు లేచి వెళ్ళిపోవచ్చు కదా. పికార్డ్‌కి ఆ వీలు లేదు. ఓడలో డేటా ఆ కిరణాన్ని ఆపితే ఆయన ప్రాణం మీదికి వచ్చింది, మళ్ళీ కలపాల్సి వచ్చింది. అప్పుడు అక్కడ బిడ్డకు పేరు పెట్టే వేడుకలో వేణువు ఊదుతూ పడిపోతాడు. మధ్యలో ఆపితే మనిషి చచ్చిపోయే కథ చెప్పే హక్కు ఎవరికీ ఉండకూడదని నా వాదన.

మీ అమ్మమ్మగారి మాటలు మాత్రం రాసి పెట్టండి, నిజంగా చెప్తున్నాను.

సీమబిడ్డ
శూన్యయాత్రి అన్నా, ఆ పాయింట్ నీదే. ఆపడం తెలియకుండా చేయడం తప్పే.

కక్ష్య_బయట
నాగార్జునకొండ సంగతి ఎవరూ ఎత్తలేదేం? నాగార్జునసాగర్ కింద మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా ఆ లోయంతా తవ్వారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అది. స్తూపాలు, విహారాలు, మెట్ల స్టేడియం అన్నీ బయటపడ్డాయి. కొన్నింటిని విప్పి కొండ మీదికి చేర్చి మళ్ళీ కట్టారు, ఇప్పుడు అది నీళ్ళ మధ్య ద్వీపం. గొప్ప పని. కానీ మ్యూజియంలో శిల్పాల ముందు నిలబడినప్పుడు ఆ వీధుల్లో పొద్దున్నే ఎవరు ఎవర్ని పిలిచేవాళ్ళో నాకు తెలియదు. రాయి మిగిలింది, కాపురం మిగల్లేదు.

కటాన్ వాళ్ళ ముందూ ఈ ప్రశ్నే ఉండి ఉంటుంది. వాళ్ళు పంపగలిగింది చిన్న ప్రోబ్. అందులో రాజుల పేర్లు, లెక్కల సూత్రాలు నింపొచ్చు. వాళ్ళు అవన్నీ వదిలేసి, ఒక మామూలు కార్మికుడి ఇల్లు పంపారు. పెళ్ళాంతో తగువు, స్నేహితుడు ఊరి నడిబొడ్డున పెంచే మొక్క, దానికోసం నీళ్ళు మిగల్చడం, పిల్లాడు చదువు మానేసి సంగీతం అంటే తండ్రి నసగడం. నాకు ఈ ఎంపికే ఎపిసోడ్ అంతటికీ ప్రాణం.

భౌతికం_మాస్టారు
దీనికి నిజమైన పోలిక ఉంది. 1977లో వెళ్ళిన రెండు వాయేజర్ అంతరిక్ష నౌకల మీదా బంగారు పూత పూసిన రికార్డులు ఉన్నాయి. కార్ల్ సేగన్ బృందం తయారుచేసింది. 55 భాషల్లో పలకరింపులు, వాటిలో మన తెలుగు కూడా ఉంది. 115 బొమ్మలు, సుమారు 90 నిమిషాల సంగీతం. మనదేశం నుంచి కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి. వాయేజర్ 1 సూర్యుడి గాలి ప్రభావం దాటి 2012లో తారల మధ్యకు వెళ్ళిపోయింది. 40,000 ఏళ్ల తర్వాత గ్లీజ్ 445 అనే తారకు 1.6 కాంతి సంవత్సరాల దూరంలో వెళ్తుంది.

ఆ రికార్డులో ఆన్ డ్రూయన్ మెదడు తరంగాల రికార్డింగు కూడా ఉంది. ఎవరైనా దొరకబుచ్చుకుని ఆలోచనగా మార్చుకోగలరేమోనని పెట్టారు. ప్రోబ్ కిరణం అసాధ్యమని నేనే రాశాను. దాని వెనకున్న కోరిక మాత్రం మనుషులకు అప్పటికే ఉంది.

కక్ష్య_బయట
మాస్టారు గారు మంచి మాట గుర్తుచేశారు. ఒక తేడా ఉంది. వాయేజర్ రికార్డులో యుద్ధం, జబ్బు, పేదరికం బొమ్మలు కావాలనే పెట్టలేదు. ఇంటికొచ్చిన అతిథికి మంచి గది చూపించినట్టు. కటాన్ వాళ్ళు తమ కరువు దాచలేదు, చావులు దాచలేదు. తమ ప్రభుత్వానికి సంగతి ముందే తెలిసి కూడా జనానికి చెప్పలేదన్నది కూడా దాచలేదు! కామిన్ వెళ్ళి నిలదీస్తే అధికారి చాటుగా ఒప్పుకుంటాడు. సొంత తప్పు కూడా జ్ఞాపకంలో పెట్టి పంపిన జాతి అంటే నాకు చాలా గౌరవం.

సీమబిడ్డ
ఆ అధికారి మీద నాకు గౌరవం లేదు. మొదట్లో కామిన్ గాలిలోంచి నీళ్ళు పట్టే యంత్రాలు కడదామంటే కొట్టిపారేసింది వీళ్ళే. ఊరి బతుకు ఊరికి చెప్పకుండా దాచేవాళ్ళను మేం చాలామందిని చూశాం.

డాలస్_బాబాయ్
ఆరో సీజన్ సంగతి రాస్తున్నా, శూన్యయాత్రి చదవొద్దు.

రాత్రిడ్యూటీ అమ్మా, నువ్వడిగిన దానికి సగం జవాబు "లెసన్స్"లో ఉంది, 1993లో వచ్చింది. నెల్లా డారెన్ అని నక్షత్ర పటాల విభాగం అధికారి, పియానో వాయిస్తుంది. పికార్డ్ వేణువు విని ఈ పాట ఎక్కడిదని అడుగుతుంది. ఆయన కటాన్ సంగతి ఆమెకు చెప్తాడు. తర్వాత ఓడ లోపలి మరమ్మతు సొరంగంలో, ధ్వని బాగా పలికే చోటు వెతికి, చుట్టచుట్టే చిన్న కీబోర్డు పరిచి ఆమె, పక్కన ఈయన, ఆ పాటే వాయిస్తారు. ఎవరో ఒకరు అడిగారమ్మా ఆయన్ని. ఆలస్యంగానైనా అడిగారు.

రాత్రిడ్యూటీ
బాబాయ్ గారూ, ఇది నేను చూడలేదు. ఈ ఆదివారం డ్యూటీ దిగగానే చూస్తాను. "ఆ పాట ఎక్కడిది" అని అడిగితే చాలు, ఎంతోమంది తేరుకుంటారు. ఆ పెద్దాయన్ని నేను "టీ ఎలా ఉండేది" అని అడిగాను. అల్లం ఎక్కువ వేసేవాడట. ఆ రోజు ఆయన మధ్యాహ్నం దాకా మాట్లాడాడు.

శూన్యయాత్రి
బాబాయ్ గారూ, చదవొద్దంటే చదివేశాను, ఫర్లేదు.

నా మాట మీదే ఉన్నాను. అడగకుండా, ఆపే వీలు లేకుండా ఒక మనిషి మీద ఇలా చేయడం తప్పు. చేసినవాళ్ళు మంచివాళ్ళు, వాళ్ళ కష్టం పెద్దది, అయినా తప్పే. కక్ష్య_బయట గారు చెప్పిన ఎంపిక సంగతి, సీమబిడ్డ చెప్పిన మెరిబోర్ సీన్ చదివాక మాత్రం ఇంకోసారి చూడాలనిపించింది. ఈసారి ఎలీన్ వైపు నుంచి చూస్తాను. ఎవరో తెలియని మనిషిని భర్తగా ఏళ్ల తరబడి ఓర్చుకున్నది ఆవిడ.

లక్ష్మీపి
ఆవిడ గురించి వేరే చర్చ పెట్టండి, నేను చాలా రాయాలి.

పాతటేపులు
ఈసారి చూసేటప్పుడు ముందు నాలుగో సీజన్ "ఫ్యామిలీ" వేసుకోండి. బోర్గ్ తర్వాత పికార్డ్ ఫ్రాన్స్‌లో అన్న ఇంటికి వెళ్ళి బురదలో పడి కొట్టుకుని ఏడ్చేది అదే. ఆ వెంటనే "ఇన్నర్ లైట్", తర్వాత "లెసన్స్". వరుసగా మూడూ చూస్తే మీ బోర్గ్ ప్రశ్న ఇంకా గట్టిపడుతుంది, చూసుకోండి. అప్పుడు వచ్చి నాతో తగువు పెట్టుకోండి, నేనిక్కడే ఉంటాను.